కృతిపతి నుంచి కథానాయకుని దాకా: రాజకీయ జీవితచిత్రాల్లో స్తుతి, సినీరచయిత స్థానం

వ్యాససంగ్రహం

రాజకీయ నాయకుని జీవితాన్ని అతనికి అనుకూలంగా చూపే చలనచిత్రం 2019 ఎన్నికల నాటికి తెలుగులో స్పష్టమైన రూపం సంతరించుకొంది. ఇలాంటి చిత్రాన్ని రాయడానికి పూనుకొన్న రచయితను పాతకాలపు ఆస్థానకవితో పోల్చడం పరిపాటి. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రబంధంలో స్తుతికి అవతారిక అనే ప్రత్యేకమైన తావు ఉండగా, జీవితచిత్రంలో పోషకుడే కథావస్తువు కావడంతో స్తుతి కథానిర్మాణంలోకే ప్రవేశించిందని ఇందులోని ప్రతిపాదన. ఆద్యంతాల ఎంపిక, సాక్షిపాత్ర, కార్యకారణాల కుదింపు, ప్రతినాయకుని నిర్ణయం, దోషచిత్రణ అనే ఐదు అంశాల ఆధారంగా ఈ ప్రతిపాదనను వివరించడం జరిగింది.

కీలకపదాలు: జీవితచిత్రం, స్క్రీన్‌ప్లే, కృతిపతి, నరాంకితం, వ్యాజస్తుతి, ప్రజాస్మృతి.

1. ఉపోద్ఘాతం

ఒక నాయకుని కుటుంబమో, పార్టీయో, అభిమాని అయిన నిర్మాతో సినీరచయితను పిలిచి ఆ నాయకుని కథ రాయమని కోరినప్పుడు రచయిత ఎదుట రెండు బాధ్యతలు నిలుస్తాయి. పెట్టుబడి పెట్టినవారికి నచ్చేలా రాయడం ఒకటి. టికెట్టు కొని వచ్చిన ప్రేక్షకునికి నమ్మదగిన కథ చెప్పడం రెండవది. పార్టీ కార్యకర్తకు నచ్చే సన్నివేశం తటస్థ ప్రేక్షకునికి అతిశయోక్తిగా తోచవచ్చు. తటస్థునికి ఆసక్తి కలిగించే సన్నివేశం నాయకుని కుటుంబానికి అభ్యంతరకరం కావచ్చు. ఈ రెండింటి మధ్య రచయిత చేసే సర్దుబాట్లే చిత్రానికి రూపాన్నిస్తాయి.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 11న శాసనసభ ఎన్నికలు జరిగాయి. అంతకుముందు మూడు నెలల వ్యవధిలో 'ఎన్.టి.ఆర్. కథానాయకుడు' (జనవరి 9), 'యాత్ర' (ఫిబ్రవరి 8), 'ఎన్.టి.ఆర్. మహానాయకుడు' (ఫిబ్రవరి 22), 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.' (మార్చి 29) వరుసగా వచ్చాయి. ఒకే రాష్ట్రరాజకీయాలపై, ఒకే ఎన్నికల ముంగిట వచ్చిన ఈ నాలుగు చిత్రాలు తులనాత్మక పరిశీలనకు అనువైనవి. ఇక్కడ పరిశీలించేది తెరపై కనిపించే కథానిర్మాణాన్ని మాత్రమే. ఆయా రచయితల, దర్శకుల ఉద్దేశాలు ఈ వ్యాసపరిధిలోనివి కావు.

2. ప్రాచీన సాహిత్యంలో స్తుతికి ఉన్న తావు

2.1. అవతారిక అనే హద్దు

తెలుగు కావ్యసంప్రదాయంలో కృతిభర్త, కృతికర్త అనే జంట స్థిరమైనది. రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొన్నాడు. తిక్కన నిర్వచనోత్తరరామాయణాన్ని మనుమసిద్ధికి, భారతాన్ని హరిహరనాథునికి అంకితమిచ్చాడు. పోతన భాగవతాన్ని శ్రీరామునికి సమర్పించాడు. నరాంకితమా, దైవాంకితమా అన్న ప్రశ్న కవుల ఆత్మగౌరవానికి సంబంధించినదిగా శతాబ్దాలపాటు చర్చకు వచ్చింది.

అయితే నరాంకితం చేసిన కావ్యంలోనూ స్తుతికి ఒక హద్దు ఉండేది. మనుచరిత్రలో శ్రీకృష్ణదేవరాయల వంశవర్ణన, షష్ఠ్యంతాలు, ఆశ్వాసాల ఆద్యంతాల్లోని సంబోధనపద్యాలు రాజుకు చెందినవి. ప్రవరుడు, వరూధిని, స్వరోచి కవికి చెందినవారు. మార్కండేయపురాణం నుంచి తీసుకొన్న ఆ కథలో రాయలు పాత్ర కాడు. కాబట్టి ప్రవరుని నిష్ఠను గానీ, వరూధిని వ్యామోహాన్ని గానీ పెద్దన తన ఇష్టానుసారం చిత్రించగలిగాడు. శ్లేష ద్వారానో, ధ్వని ద్వారానో పోషకుని కథలో స్ఫురింపజేసిన ప్రబంధాలు లేకపోలేదు. అయినా స్తుతి ఎక్కడ ముగుస్తుందో, కథ ఎక్కడ మొదలవుతుందో పాఠకునికి తెలిసేది. అవతారిక ఒక విధంగా కవి స్వేచ్ఛకు చెల్లించిన సుంకం.

2.2. హద్దు చెరిగిన సందర్భాలు

పోషకుడే వస్తువైనప్పుడు ఈ ఏర్పాటు పనిచేయదు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రయశోభూషణం అలంకారశాస్త్రగ్రంథం. అందులోని ఉదాహరణలన్నీ రాజస్తుతులే. నాటకలక్షణాలను చెప్పే ప్రకరణంలో లక్ష్యంగా కూర్చిన నాటకానికీ ప్రతాపరుద్రుడే నాయకుడు. ఆ రాజు పాలన 1323లో ఢిల్లీ సైన్యాల చేతిలో అంతమైంది. యశోభూషణంలో మాత్రం ఆయన ఎన్నటికీ ఓటమి ఎరుగని ధీరోదాత్తుడే.

బిల్హణుని విక్రమాంకదేవచరితం ఇంకా దగ్గరి ఉదాహరణ. కల్యాణి చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుడు తన అన్న రెండవ సోమేశ్వరుని తొలగించి 1076లో సింహాసనమెక్కాడు. ఈ ఘటనను ఆస్థానకవి వదిలివేయలేడు, ఉన్నదున్నట్లు చెప్పలేడు. తండ్రి యువరాజపదవిని ఇవ్వజూపినా, అన్న ఉండగా తనకు తగదని విక్రముడు నిరాకరించినట్లు బిల్హణుడు మొదట చిత్రించాడు. ఆ తరువాత అన్నతో యుద్ధాన్ని శివాజ్ఞగా చెప్పాడు. ఇక్కడ స్తుతి విశేషణాల్లో లేదు, ఘటనల అమరికలో ఉంది. నాయకుడు కోరకపోయినా పదవి అతన్ని వెతుక్కొంటూ వచ్చిందన్న ఈ అమరికను నేటి రాజకీయచిత్రాల్లోనూ సులభంగా గుర్తించవచ్చు. సినీరచయితకు పూర్వికుడిని వెతకాలంటే పెద్దనలో కంటే బిల్హణునిలోనే దొరుకుతాడు.

3. స్క్రీన్‌ప్లేలో స్తుతి ప్రవేశించే తావులు

ప్రేక్షకుడు పొగడ్తను సంభాషణల్లో వెతుకుతాడు. ఈలలు వేయించే మాటల్లో అది కనిపిస్తుంది కూడా. కాని సంభాషణ పైపొర మాత్రమే. సంభాషణలన్నీ తొలగించినా మిగిలే స్తుతి కథానిర్మాణంలో ఉంటుంది.

3.1. ఆద్యంతాల ఎంపిక

జీవితానికి జననమరణాలు హద్దులు. చిత్రానికి హద్దులను రచయిత నిర్ణయిస్తాడు. ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 1984 ఆగస్టులో పదవి కోల్పోయి, సెప్టెంబరులో తిరిగి పొందారు. 1995లో పార్టీలోని తిరుగుబాటుతో మళ్లీ పదవి కోల్పోయి, 1996 జనవరి 18న మరణించారు. ఈ జీవితాన్ని 1984 విజయంతో ముగిస్తే అది జైత్రయాత్ర అవుతుంది. 1989 ఓటమి తరువాతి దశతో మొదలుపెట్టి 1996తో ముగిస్తే విషాదాంతం అవుతుంది. 'మహానాయకుడు' మొదటి మార్గాన్ని, 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.' రెండవ మార్గాన్ని ఎంచుకొన్నాయి. రెండింటికీ ఆధారం జరిగిన చరిత్రే. తేడా అంతా కత్తిరింపులో ఉంది.

'యాత్ర' ఎంచుకొన్న పరిధి మరింత పరిమితం. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో మొదలై ఇచ్ఛాపురంలో ముగిసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర, దాని ఫలితంగా చూపిన 2004 విజయం ఆ చిత్రానికి ప్రధానవస్తువు. కథాపరంగా ఇది బిగువైన ఎంపిక. అదే సమయంలో, 2004 నుంచి 2009 వరకు సాగిన పాలనపై ఉన్న ప్రశంసలను, విమర్శలను తూచవలసిన అవసరం రచయితకు లేకుండా పోయింది. పాలకుని కథలో పాలన లేకపోవడం ఈ చిత్రశాఖలో తరచుగా కనిపించే లక్షణం.

ఇది కొత్త పద్ధతి కాదు. బాణుని హర్షచరితం ఎనిమిది ఉచ్ఛ్వాసాలలో సాగి, హర్షుడు చెల్లెలు రాజ్యశ్రీని కనుగొనే ఘట్టం వద్ద ఆగుతుంది. హర్షుని దక్షిణదిగ్విజయాన్ని రెండవ పులకేశి అడ్డుకొన్న విషయం ఐహోలు శాసనం ద్వారా తెలుస్తుంది. ఆ శాసనాన్ని రచించిన రవికీర్తి కూడా పులకేశిని కీర్తించినవాడే. ఒక స్తుతికి అందని విషయం దాని ప్రత్యర్థి స్తుతిలో లభించడం పరిశోధకులకు సుపరిచితం. 2019లో ఒకే నాయకునిపై వచ్చిన పరస్పరవిరుద్ధ చిత్రాలను కూడా ఈ పద్ధతిలోనే పక్కపక్కన ఉంచి చదవవలసి ఉంటుంది.

3.2. సాక్షిపాత్ర

కథ ఎవరి కళ్లతో చూపబడుతుందన్నది రెండవ అంశం. ఎన్.టి.ఆర్. ద్విభాగచిత్రంలో బసవతారకం దృష్టికి ప్రాధాన్యం ఉంది. 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.'లో లక్ష్మీపార్వతి దృష్టికి ప్రాధాన్యం ఉంది. ఇద్దరూ సహధర్మచారిణులే. భార్య సాక్షిగా ఉన్నప్పుడు నాయకుని రాజకీయ నిర్ణయాలు గృహస్థధర్మపు కోణం నుంచి కనిపిస్తాయి. ఒక నిర్ణయం సరైనదా కాదా అన్న ప్రశ్న స్థానంలో, ఆ నిర్ణయం వల్ల ఆయన ఎంత నలిగిపోయారు అన్న ప్రశ్న నిలుస్తుంది. అదే నిర్ణయాన్ని ఒక విలేకరో, జీతం ఆగిన ఉద్యోగో, ఓడిపోయిన ప్రత్యర్థో చూస్తే కథ వేరవుతుంది. సాక్షిని ఎన్నుకోవడం అంటే ప్రేక్షకుని సానుభూతి ఎటు మొగ్గాలో ముందే నిర్ణయించడం.

3.3. కార్యకారణాల కుదింపు

'యాత్ర'లో నాయకునికి దారిలో కష్టజీవులు తారసపడతారు. వారి కష్టాలే తరువాతి పథకాలకు బీజాలుగా కనిపిస్తాయి. వ్యవసాయానికి ఉచితవిద్యుత్తు దస్త్రంపై 2004 మే 14న సంతకం జరిగింది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ఒక పథకం వెనుక ఎన్నికల ప్రణాళిక, ఆర్థికశాఖ లెక్కలు, అధికారుల ముసాయిదాలు, అంతకుముందు జరిగిన ప్రజాందోళనలు ఎన్నో ఉంటాయి. వీటిని తెరపై చూపడం కష్టం. ఒక రైతు కన్నీరు, నాయకుని మౌనం, ఆపై ఒక వాగ్దానం అనే వరుసను చూపడం తేలిక, ప్రభావవంతం కూడా. నాటకీయతకు అవసరమైన ఈ కుదింపులో వ్యవస్థ మాయమై వ్యక్తి మిగులుతాడు. హక్కుగా అందవలసినది దయగా అందినట్లు కనిపిస్తుంది. పౌరుడు అర్థిగా, నాయకుడు దాతగా మారే ఈ చిత్రణ, రాజును కల్పవృక్షంతో పోల్చిన పాత వర్ణనలకు ఆధునికరూపమే.

3.4. ప్రతినాయకుని నిర్ణయం

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి పదవి చేపట్టారు. 'మహానాయకుడు'లో ఈ నెలరోజుల సంక్షోభమే పతాకస్థాయి. అందులో నారా చంద్రబాబునాయుడు నాయకునికి అండగా నిలిచిన సహాయకుడు. 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.'లో అదే వ్యక్తికి ప్రతినాయకస్థానం దక్కింది. ఒకే చారిత్రకవ్యక్తి నెల రోజుల వ్యవధిలో విడుదలైన రెండు చిత్రాల్లో రెండు వ్యతిరేక భూమికలు ధరించడం గమనార్హం. చరిత్రలో ఒకే మనిషి ఒకప్పుడు మిత్రుడు, మరొకప్పుడు ప్రత్యర్థి కావచ్చు. స్తుతిచిత్రానికి గానీ, నిందాచిత్రానికి గానీ ఈ మార్పును ఇముడ్చుకొనే ఓపిక ఉండదు.

3.5. గుణంగా మారే దోషం

లోపం లేని నాయకుడు విసుగు పుట్టిస్తాడని సినీరచయితకు తెలుసు. అందుకని అతనికి కొన్ని దోషాలు కల్పిస్తాడు. అందరినీ తొందరగా నమ్మేస్తాడు, పేదవానికి అన్యాయం జరిగితే కోపం ఆపుకోలేడు, ఇచ్చిన మాట కోసం సొంత ప్రయోజనాన్ని వదులుకొంటాడు. ఇవన్నీ దోషాలుగా చెప్పబడిన గుణాలు. నింద రూపంలో స్తుతి చేయడాన్ని ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. స్క్రీన్‌ప్లేలో వ్యాజస్తుతి ఒక వాక్యానికి పరిమితం కాక మొత్తం పాత్రచిత్రణకు విస్తరించింది. ఒక దోషం నిజమైనదా కాదా అని తేల్చడానికి ఒక సూటిప్రశ్న చాలు: ఆ దోషం వల్ల నాయకుడు తప్ప మరెవరైనా నష్టపోయారా? నష్టపోయినట్లు చిత్రం చూపకపోతే అది అలంకారమే.

4. రచయిత హక్కులు, పరిమితులు

ఆస్థానకవి పేరు కావ్యంపై నిలిచింది. కృతిపతులను ఈనాడు గుర్తుంచుకొన్నది చాలావరకు కవుల వల్లనే. సినీరచయిత పరిస్థితి భిన్నమైనది. ఒప్పందం ద్వారా స్క్రిప్టుపై హక్కులను నిర్మాతకు బదలాయించడం పరిశ్రమలో రివాజు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ, థియేటరు ప్రదర్శనకు వెలుపలి వినియోగాలపై రచయితకు రాయల్టీ హక్కును కాపాడింది. హక్కులు బదలాయించిన తరువాత కూడా రచనను వక్రీకరించి రచయిత ప్రతిష్ఠకు భంగం కలిగిస్తే ప్రశ్నించే అవకాశాన్ని 57వ సెక్షన్ కల్పిస్తోంది. అయితే ఆ సెక్షన్ రచయిత రాసినదాన్ని ఇతరులు చెరపకుండా కాపాడుతుంది. రచయితే రాయకుండా వదిలేసిన విషయం గురించి ఏ చట్టమూ అడగదు.

కుటుంబసభ్యుల సమ్మతి మరొక అంశం. ఆర్. రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, బహిరంగ రికార్డుల్లో ఉన్న విషయాలను ప్రచురించడానికి సంబంధిత వ్యక్తి అనుమతి సాధారణంగా అవసరం లేదు. తెలుగు రచయిత వి. విజయేంద్రప్రసాద్ రచనలో పాలుపంచుకొన్న 'తలైవి' చిత్రంపై జయలలిత మేనకోడలు దీప వ్యాజ్యం వేసినప్పుడు, మరణించిన వ్యక్తి గోప్యతాహక్కు వారసులకు సంక్రమించదని మద్రాసు హైకోర్టు 2021లో పేర్కొంది. అంటే చట్టం రచయితకు తగినంత స్థలాన్ని ఇచ్చింది. ఆచరణలో మాత్రం వ్యాజ్యాల భయం, కుటుంబం సమకూర్చే ఛాయాచిత్రాలు, జ్ఞాపకాలు, పెట్టుబడి కలిసి ఆ స్థలాన్ని కుదిస్తాయి. ఎన్.టి.ఆర్. ద్విభాగచిత్రానికి నిర్మాతల్లో ఒకరు, ప్రధానపాత్రధారి రామారావు కుమారుడు బాలకృష్ణే. అప్పటికి ఆయన తెలుగుదేశం శాసనసభ్యుడు. శివసేన వ్యవస్థాపకునిపై 2019 జనవరిలో వచ్చిన 'ఠాక్రే' చిత్రానికి కథ అందించినది ఆ పార్టీ నాయకుడు సంజయ్ రౌత్. ఇలాంటి సందర్భాల్లో పోషకుడు, వస్తువు, పాత్రధారి, రచయిత అనే విభజనే పలుచబడుతుంది.

5. ఎన్నికలు, ప్రజాస్మృతి

2019 ఏప్రిల్ 10న ఎన్నికల సంఘం, ప్రవర్తనానియమావళి అమల్లో ఉన్న కాలంలో రాజకీయ ప్రయోజనానికి తోడ్పడే జీవితచిత్రాల ప్రదర్శనను నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వులో ప్రస్తావనకు వచ్చిన మూడు చిత్రాల్లో 'పి.ఎం. నరేంద్ర మోదీ' హిందీ చిత్రం కాగా, 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.', 'ఉద్యమసింహం' తెలుగు చిత్రాలు. హిందీ చిత్రం ఫలితాలు వెలువడిన మరునాడు, మే 24న విడుదలైంది.

ఇలాంటి చిత్రాలు ఓట్లు తెస్తాయన్న భావనకు ఎన్నికల ఫలితాలు గట్టి ఆధారం ఇవ్వవు. ఎన్.టి.ఆర్. చిత్రాలు వచ్చిన 2019లో తెలుగుదేశం 23 స్థానాలకు పరిమితమైంది. 'యాత్ర 2' విడుదలైన 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ 11 స్థానాలకు పడిపోయింది. 'యాత్ర' వచ్చిన 2019లో అదే పార్టీ 151 స్థానాలు గెలిచింది. గెలుపోటములకు చిత్రాలను కారణంగా చూపడం రెండు వైపులా కుదరదు.

అసలు ప్రమాదం ఓట్ల విషయంలో కాదు, జ్ఞాపకం విషయంలో ఉంది. 1984 ఆగస్టు సంక్షోభాన్ని ప్రత్యక్షంగా చూసిన తరం క్రమంగా తగ్గిపోతోంది. ఆ కాలపు పత్రికలు గ్రంథాలయాల్లో ఉన్నా, వాటిని తిరగేసేవారు తక్కువ. చిత్రం మాత్రం చేతిలోని ఫోన్లో ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. ఎన్నికల కోసం తయారైన కథ ఎన్నికలు ముగిశాక చరిత్రగా చెలామణి అవుతుంది. తరగతిగదిలో విద్యార్థి ఒక ముఖ్యమంత్రి గురించి అడిగే ప్రశ్నలో చిత్రంలోని సన్నివేశం ఆధారంగా కనిపించినప్పుడు, అధ్యాపకుడు ఎదుర్కొనేది ఆ సినీరచయిత నిర్ణయాన్నే.

6. రచయితకు మిగిలే దారులు

నరస్తుతిని నిరాకరించడం ఒక్కటే గౌరవప్రదమైన మార్గమని చెప్పడం సులభం. రచన జీవనోపాధి అయినవారి విషయంలో ఆ తీర్పు అసంపూర్ణం. పని అంగీకరించిన తరువాత కూడా నిలబెట్టుకోదగిన స్వేచ్ఛ ఎంత అన్నది ప్రయోజనకరమైన ప్రశ్న.

పేర్లు మార్చడం ఒక మార్గం. మణిరత్నం 1997లో తీసిన తమిళచిత్రం 'ఇరువర్' ఎం.జి. రామచంద్రన్, కరుణానిధుల స్నేహవైరాల స్ఫూర్తితో రూపొందింది. పాత్రలకు వేరే పేర్లు ఉండటంతో ఇద్దరిలో ఎవరూ పూర్తిగా నాయకుడు కాలేదు, ఎవరూ పూర్తిగా ప్రతినాయకుడు కాలేదు. పేరు మార్పు స్వతహాగా నిష్పాక్షికత కాదు. 1987 నాటి 'మండలాధీశుడు' పేరు మార్చుకొన్న వ్యంగ్యాస్త్రమే. అయినా పేరు మార్పు రచయితకు అవతారిక ఇచ్చినలాంటి హద్దును తిరిగి ఇవ్వగలదు.

నాయకుడు స్వయంగా అంగీకరించిన దోషాన్ని వాడుకోవడం మరొక మార్గం. 1982 నాటి 'గాంధీ' చిత్రానికి భారతప్రభుత్వ సంస్థ అయిన జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ పెట్టుబడి ఉంది. చిత్రం మొత్తంమీద గౌరవభావంతోనే సాగింది. అయినా జాన్ బ్రైలీ స్క్రీన్‌ప్లేలో, దక్షిణాఫ్రికాలో మరుగుదొడ్డి శుభ్రపరిచే విషయమై గాంధీ కస్తూర్బాను ఇంటినుంచి గెంటబోయిన ఘట్టం ఉంది. ఆ ఘటనను గాంధీ తన ఆత్మకథలోనే రాసుకొన్నారు. ఇక్కడ దోషం వల్ల గాయపడినది మరొకరు. ఇది వ్యాజస్తుతి కాదు. ఆ సన్నివేశం వల్ల నాయకుని స్థాయి తగ్గలేదు, చిత్రంపై నమ్మకం పెరిగింది. పోషకుని ఒప్పించడానికి రచయిత చూపగల బలమైన ఉదాహరణ ఇదే.

7. ముగింపు

• ప్రబంధంలో స్తుతి అవతారికకు, సంబోధనపద్యాలకు చాలావరకు పరిమితమైంది. రాజకీయ జీవితచిత్రంలో పోషకుడే వస్తువు కావడంతో ఆ హద్దు తొలగిపోయింది.

• సినీరచయిత చేసే స్తుతి ప్రధానంగా సంభాషణల్లో కాక, ఆద్యంతాలు, సాక్షి, కార్యకారణాలు, ప్రతినాయకుడు, దోషచిత్రణ అనే ఐదు తావుల్లో జరుగుతుంది. నిందాచిత్రాలు కూడా ఇవే తావులను వాడుకొంటాయి.

• చట్టం రచయితకు ఇచ్చిన స్వేచ్ఛ కంటే ఆచరణలో అతనికి మిగిలే స్వేచ్ఛ తక్కువ. ఆ వ్యత్యాసానికి పెట్టుబడి, సమ్మతి, వ్యాజ్యభయం కారణాలు.

• ఈ చిత్రాలను కాలక్షేపంగానో, ప్రచారసామగ్రిగానో తోసిపుచ్చకుండా, శాసనాలను, ప్రశస్తులను చదివినట్లే చదవడం అవసరం. ప్రశస్తిలో చెప్పిన విషయంతోపాటు చెప్పకుండా విడిచిన సంవత్సరాలను లెక్కించడం చరిత్రకారుల పద్ధతి. 1984 వద్ద ఆగిన కథను, 1989 తరువాత మొదలైన కథను ఒకే బల్లపై ఉంచి, ఆనాటి పత్రికలతో సరిచూసినప్పుడే ఒక నాయకుని జీవితం సమగ్రంగా కనిపిస్తుంది. విద్యార్థికి ఆ పద్ధతిని నేర్పవలసిన బాధ్యత సాహిత్యాధ్యాపకులది కూడా.